మూడో బెంచీ సహోదరుడి కోసం ప్రార్థన

ప్రియమైన తమ్ముడికి,

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం కులాసా. మీ వదినకు మోకాలి నొప్పి తగ్గింది, నా మీద అరిచే ఓపిక తిరిగొచ్చింది. కొత్త పనిలో నీ నడుము ఎలా ఉందో రాయి.

మీ పాత సూపర్‌వైజరు సంగతి అడిగావు. వింటే నీ కడుపు చల్లబడుతుంది. పోయిన గురువారం చర్చి పక్కగదికి వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు. "అన్నగారూ, కోల్డ్ స్టోరేజీ తలుపు వేయకుండా వెళ్ళింది నేనే. సరుకు పాడయితే మీ తమ్ముడి మీదకి నెట్టేశాను. ఎవరికీ చెప్పకండి, నా కోసం ప్రార్థన చెయ్యండి" అన్నాడు. నిన్ను అందరి ముందూ గేటు బయటికి గెంటించినవాడు! సంఘ పెద్దను కాబట్టి వాడి తల మీద చెయ్యి పెట్టాను. నీ అన్నను కాబట్టి ఆ జుట్టు పట్టుకుని ఈడ్వాలనిపించింది.

"ఆ గదిలో విన్నది నీ భార్యకు కూడా చెప్పకూడదు" అని పాస్టరుగారు మొదట్లోనే అన్నారు. మీ వదినకు చెప్పలేదు. ఆదివారం మైకు పట్టుకుని దేవుడికి చెప్పాను.

"ప్రభువా, తన తప్పును అమాయకుడి మీద నెట్టి, వాడి ఉద్యోగం తీయించిన మూడో బెంచీ సహోదరుణ్ణి క్షమించు" అన్నాను, గొంతులో తేనె పోసుకుని. ఒక్కరి కళ్ళూ మూసి లేవు. నావీ లేవు. వాడి భార్య కాస్త పక్కకు జరిగి కూర్చుంది. వాడి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆ పూట నేను కడుపునిండా తిన్నాను.

"నువ్వు చేసింది ప్రార్థన కాదయ్యా, చాడీ" అని పాస్టరుగారు నన్ను పెద్దరికం నుంచి తప్పించారు. పోతే పోయింది.

మళ్ళీ పనిలోకి పిలుస్తారా అని అడిగావు కదా. దీనికి జవాబు రాయలేక మూడు రోజులు కాగితం పక్కన పెట్టాను. వాడు నిజానికి "సోమవారందాకా ఎవరికీ చెప్పకండి" అన్నాడు. సోమవారం మేనేజరు దగ్గర ఒప్పుకుంటానని, నన్ను తోడు రమ్మని బతిమాలాడు. సరేనన్నాను. కానీ వాడు తనంతట తాను నిజం చెప్పి మంచివాడనిపించుకోవడం నేను ఓర్వలేకపోయాను.

సోమవారం ఒక్కణ్ణే వెళ్ళి మేనేజరుకు అంతా చెప్పాను. ఆయన వాణ్ణి పిలిపించాడు. వాడు నా ముఖంలోకి చూస్తూ, "తమ్ముడి కోసం ఈయన అల్లిన కథ సార్" అన్నాడు. మేనేజరు నీ ఫైలు మూసేశాడు.

నన్ను క్షమించు తమ్ముడూ. వాణ్ణి మాత్రం క్షమించలేను. నీ బతుకు నా చేత్తోనే పాడుచేశానని రాస్తూ కూడా, ఆ బెంచీలో వాడి ముఖం తలుచుకుంటే నాకు సంతోషంగానే ఉంది.

ఇట్లు,
నీకు మేలు చేయలేకపోయిన
అన్నయ్య