తల్లి ముందు తినే ముద్ద

మంగళవారం, రాత్రి

"మేడం, వీడు పక్కా తీవ్రవాది. ఎనుమాముల మార్కెట్ తగలబెడతనని వీడియో పెట్టిండు" అని ఇన్‌స్పెక్టర్ ఇయ్యాల రమేశ్‌ను మానసిక దవాఖానల డాక్టరునైన నా దగ్గరికి పరీక్షకు తీసుకొచ్చిండు. పవర్‌లూమ్ మీద పనిచేసే పిలగాడు. తీవ్రవాదుల నినాదాలన్నీ గడగడ అప్పజెప్పిండు. అయినా నేను తొందరపడలే.

మధ్యాహ్నం వాళ్లమ్మ టిఫిన్ తెచ్చింది. మూత తీసి, ఎవరూ అడగకముందే తనే ఒక ముద్ద తిన్నది. అప్పుడుగానీ వాడు చెయ్యి పెట్టలే.

"గట్లెందుకమ్మా?"

"పోయిన బతుకమ్మ కాడి నుంచి గంతే బిడ్డా. నేను తినకుంటే విషం కలిపిన అంటడు. అప్పటికి వానికి ఫోన్ గూడ లేకుండె."

నాకు తేలిపోయింది. నినాదాలు మొన్న ఫోన్ల దొరికినయి, భయం అంతకుముందే ఉన్నది. ఇది జబ్బు.

"అయితే వదిలెయ్యాల్నా?" అన్నడు ఇన్‌స్పెక్టర్.

"వదలమనలే సార్. జబ్బున్నోడు అగ్గిపెట్టడని నేను రిపోర్టుల రాయను. దవాఖానల పెట్టి మందులియ్యాలె."

వాని జేబుల అగ్గిపెట్టె దొరికిందట. ఆ ఒక్క ఫికర్ నన్ను ఇంకా వదుల్తలేదు...

పోయేటప్పుడు తల్లి "నయమైతదా బిడ్డా?" అన్నది. అయితదన్న. ఏదో ఒకరోజు ఆమె ముద్ద ఎత్తకముందే వాడు ఆకలితోటి ఆ గిన్నె గుంజుకుంటడు. ఆరోజు ఇంటికి పంపుతా.