ఎనెలెసి కట్టెల కార్డు తిరిగి ఇప్పించుట గురించి

లిసాంజీ కొండ అటవీ రేంజి అధికారి గారి సముఖమునకు,
కొండ సైకిల్ బాటల కాపలాదారు లైసన్ మతేవెరే వ్రాసుకున్న అర్జీ.
తేదీ: ఏప్రిల్ 9, బుధవారం.

అయ్యా,

విషయం: మూడవ వంతెన చెక్కలు పోయిన సందర్భమున ఎనెలెసి అను స్త్రీపై నేను మార్చి 17న పెట్టిన అర్జీని ఉపసంహరించుకొనుట, సదరు స్త్రీకి కట్టెల కార్డు వెంటనే తిరిగి ఇప్పించుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. గత తొమ్మిదేళ్లుగా సదరు కొండ మీద సైకిల్ బాటల పని నాదే. వానకు బాట కోసుకుపోకుండా అడ్డంగా కాలువలు తీయుట, మలుపుల్లో మట్టి ఎత్తుగా పోసి దిమ్మిస కొట్టుట, చక్రం జారకుండా వంతెన చెక్కల మీద కోళ్ల గూటి జాలీ పరచి మేకులు కొట్టుట, దారి తెలియుటకు పసుపు రంగుతో బాణం గుర్తులు వేయుట మొదలగునవి. ఇవన్నీ తమకు తెలిసినవే. తెలియనిది చెప్పడానికి ధైర్యం చాలక తెలిసినదే మళ్లీ రాస్తున్నాను.

2. మూడవ వంతెన నుండి మూడు దేవదారు చెక్కలు పోయిన మాట వాస్తవము. మార్చి 16 ఆదివారం నాడు పట్టణం నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయుడు ఆ సందులో చక్రం ఇరుక్కుని వాగులో పడి మణికట్టు విరగ్గొట్టుకున్న మాట వాస్తవము. చెక్కలను ఎనెలెసి తన కట్టెల మోపు మాటున తరలించినదని నేను రాసిన మాట మాత్రం అబద్ధము. చెక్కలు తీసినది నేనే.

3. తీసిన కారణము. మార్చి 12న మా అక్క ఎలినాతి చనిపోయింది. మా వాళ్లలో అక్కచెల్లెళ్ల మంచీ చెడూ చూడవలసినది తోడబుట్టినవాడేనని తమకు నేను చెప్పనక్కర్లేదు. ఆ వారమంతా వాన. పట్టణం రోడ్డు తెగిపోయింది. వడ్రంగి ఫోస్టినో దగ్గర శవపేటికకు చెక్క లేదు. కొండ మీద చెట్టు కొట్టరాదని తమ ఉత్తర్వు ఉన్నది. చాపలో చుట్టి సాగనంపుదామని నేను మెల్లగా అన్నాను. మా మేనమామ జాకలియా వాకిట్లో, నలుగురూ వినేలా అందుకున్నాడు.

"ఏరా లైసన్! ఊరూపేరూ తెలియనివాళ్ల సైకిళ్లు జారకూడదని తొమ్మిదేళ్లు దేవదారు చెక్కలు పరిచావు. తోడబుట్టినదానికి చాపా? భలే తమ్ముడివిరా నువ్వు!"

కొందరు నవ్వారు కూడా. చావింట్లో నవ్వు ఎంత చురుక్కుమంటుందో ఆ రోజు తెలిసింది.

4. అదే రోజు మధ్యాహ్నం మంచు కమ్మి బాట మీద ఎవరూ లేని సమయమున సదరు మూడు చెక్కలను ఊడదీసితిని. జాలీ పీకి పక్కన పెట్టితిని. శనివారం లోపు వేరేవి వేద్దామనుకుని, సందు మీద ఒక కొమ్మ అడ్డం పెట్టితిని. శనివారం ఊళ్లో పరామర్శలకు వచ్చిన వారికి సంకటి వడ్డిస్తూ ఉండిపోయితిని. కొమ్మ గాలికి పోయింది. ఉపాధ్యాయుని మణికట్టు కూడా నా ఖాతాలోనే వేసుకొనవలెను.

5. ఒక చెక్క మీద పసుపు బాణం ఉంది. నా చేత్తో నేను వేసినదే. చిత్రిక పట్టే తీరిక లేదు. రంగు ఉన్న వైపు లోపలికి తిప్పి కొట్టమని ఫోస్టినోకు చెప్పాను, అటైతే ఎవరికీ కనబడదని. ఎంత తెలివితక్కువవాడినంటే, శవానికి స్నానం చేయించి పెట్టెలో పడుకోబెట్టేది ఆడవాళ్లేనని, వాళ్లు చూసేది లోపలివైపేనని తట్టలేదు. ముందుగా వంగి చూసింది ఎనెలెసి. ఆమె మా అక్కకు చిన్ననాటి నుంచి స్నేహితురాలు. వారానికి రెండుసార్లు, సోమ శుక్రవారాలు, తమరిచ్చిన కార్డు పట్టుకుని ఎండుకట్టెలు ఏరుకుని ఆ వంతెన మీదుగానే దిగుతుంది. ఆ బాణం ఆమెకు తెలుసు. తలెత్తి నన్ను చూసింది. తన భుజం మీది చితెంజే గుడ్డ తీసి పెట్టె అడుగున పరిచింది. బాణం కనబడకుండా అంచులు లోపలికి దోపింది.

6. ఉపాధ్యాయుడు పడిన తర్వాత, చెక్కలు ఎవరు తీశారని తమరు నన్ను అడిగారు. కట్టెల ఆడవాళ్లయి ఉండొచ్చన్నాను. పేరు చెప్పమన్నారు. ఆ కొండ మీద కార్డున్న ఆడవాళ్లు నలభై మందికి పైనే. అందులో ఎనెలెసి పేరే ఎందుకు చెప్పాను? ఇది రాయడానికే మూడు కాగితాలు చించేశాను. తన చేత్తో పెట్టె బిగించిన ఫోస్టినో నోరు విప్పడు; అతడు కాక చూసింది ఆమె ఒక్కతే గనుక. ముందు ఆమె నోరు విప్పితే నా పని అయిపోతుంది. ముందు నేను విప్పితే ఆమె ఏం చెప్పినా దొంగ మాటే అవుతుంది. ఇంత లెక్క వేసుకునే ఆ పేరు రాశాను.

7. తమ కార్యాలయంలో జరిగిన విచారణ తమకు జ్ఞాపకం ఉండును. నేను టోపీ చేత్తో పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉన్నాను.

"నువ్వు తీయకపోతే మరెవరు తీశారమ్మా? చెక్కలు ఎక్కడికి పోయినట్టు?" అని తమరు అడిగారు.

"ఎక్కడికి పోతాయయ్యా, మట్టిలోకే పోతాయి" అంది ఆమె.

దానిని పొగరు సమాధానంగా గుమాస్తా గారు రాసుకున్నారు. అయ్యా, అది పొగరు కాదు. ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ గదిలో అర్థమైనవాడిని నేనొక్కడినే, నేను నేల చూశాను.

8. మార్చి 21న ఆమె కార్డు రద్దయినది. అప్పటి నుంచి ఆరు కట్టెల రోజులు పోయినవి. ఇద్దరు మనవరాళ్లతో ఆమె మొక్కజొన్న కండెలు మండించి వంట చేసుకుంటోంది. అవీ అయిపోవచ్చినవి. బావి దగ్గర ఆడవాళ్లు ఆమెను చూసి "చెక్కలక్కా, వంతెన భోంచేశావా?" అంటున్నారు. నన్ను చూసి నమస్కారం పెడుతున్నారు.

9. రుజువు విషయము. చెక్కలు మా ఊరి శ్మశానంలో, చెట్ల మధ్య, దాదాపు నాలుగు వారాలుగా మా అక్క కింద ఉన్నవి. దయచేసి తవ్వించవద్దు. వాటి మీది జాలీ ముక్క దీనితో జతపరుస్తున్నాను. మేకుల బెజ్జాలు మూడవ వంతెనలో మిగిలిన చెక్కలతో సరిచూసుకోవచ్చును.

10. వంతెన ప్రస్తుతం భద్రముగా ఉన్నది. పోయిన చెక్కల స్థానంలో నా ఇంటి తలుపు ఊడదీసి కొలతకు కోసి బిగించితిని. తనిఖీకి వచ్చినపుడు వంతెన నడుమ గొళ్లెం చూసి తమరు ఆశ్చర్యపడవద్దని మనవి. అది ఊడి రాలేదు. నన్ను పట్టుకెళ్లడానికి ఎవరినైనా పంపదలచినచో వారు తలుపు తట్టే పని లేదు.

కావున తమరు దయచేసి ఎనెలెసి కార్డు ఆమెకు తిరిగి ఇప్పించి, ఆమె నిర్దోషి అని బావి దగ్గర బోర్డు మీద కాగితం అంటింపజేసి, నాకు తగిన శిక్ష విధించవలెనని ప్రార్థన. శిక్ష ఆలస్యమైనా ఫరవాలేదు, కార్డు ఆలస్యం కారాదు. ఈ ఒక్క సంగతి తమరు తప్పక చిత్తగించవలెను.

విధేయుడనని రాసుకునే యోగ్యత పోయినా, అర్జీ చివర వేరే మాట నాకు రాదు గనుక,
తమ విధేయుడు,
లైసన్ మతేవెరే

జతపరచినవి: జాలీ ముక్క ఒకటి. పోయిన ఏడాది తమరు నాకిచ్చిన "నిజాయితీ గల ఉద్యోగి" ప్రశంసాపత్రం ఒకటి, వాపసు.

తాజా కలం: పంపే ముందు ఈ అర్జీ ఎనెలెసికి చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. వాకిట్లో కూర్చుని కంది కాయలు ఒలుస్తూ వింది. ఎక్కడా ఆపలేదు. నేను ముగించాక అంది:

"ఆ బాణం ఎటు తిరిగి ఉందో రాయలేదేం?"

"నేను చూళ్లేదక్కా."

"నేను చూశా. మొదట కాళ్ల వైపు చూపిస్తోంది. పెట్టె తిప్పించి, అటు తల పెట్టించా. మనిషి వెళ్లే దారి కదా."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందే ఏడ్చాను. అక్క పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఆమె నన్ను ఓదార్చలేదు.

"చూడు లైసన్. నేను నోరు మూసుకుంది మీ అక్క కోసం. పెట్టె తెరిపిస్తారేమోనని. నీ కోసం కాదు. ఎనెలెసి నన్ను క్షమించింది అని మాత్రం ఆ కాగితంలో రాయకు. ఇంకా క్షమించలేదు."

రాయలేదు అయ్యా. కాగితం మడుస్తుంటే ఆమె అడిగింది, శుక్రవారం లోపు కార్డు వస్తుందా అని. తెలియదన్నాను. ఆమె మళ్లీ కాయలు ఒలుచుకోసాగింది. ఈ రోజు బుధవారం అయ్యా.