తాబేలు చిప్ప మీద సోది

ఆదివారం రాత్రి, క్యారీ

సాహితి స్కూల్ ప్రాజెక్ట్ ఎట్టకేలకు పూర్తయింది. ప్రాచీన చైనా నాగరికత. నది ఒడ్డున ఊళ్ళు, కంచు పాత్రలు, తొలి రాజులు అన్నీ సాఫీగానే సాగాయి. ఆ రాజులు వాన గురించో యుద్ధం గురించో తాబేలు చిప్పను ప్రశ్న అడిగి, దాన్ని కాల్చి, పగుళ్ళలో జవాబు చూసుకునేవారట. చైనాలో దొరికిన తొలి రాతల్లో ఎక్కువ భాగం ఆ ప్రశ్నలేనట.

"దీన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగింది.

"సోది," అన్నాను.

పడీ పడీ నవ్వింది. "అమ్మా, సోది అంటే బోరింగ్ టాక్ కదా! నాన్న తన మీటింగ్స్‌ని అలానే అంటాడు."

మా చిన్నప్పుడు సోదమ్మ వీధిలోకి వస్తే ఆడవాళ్ళు పిలిచి కూర్చోబెట్టి, జరగబోయేది అడిగేవారని చెప్పాను. నమ్మినట్టు లేదు.

అట్టతో చేసిన చిప్పను ఆరబెడుతూ దాని మీద రాసింది అప్పుడు చదివాను. రాజులు ఒకే సంగతిని అవునని ఒకవైపు, కాదని ఒకవైపు రాసేవారట. సాహితీ అలాగే రాసింది. కుడివైపు "ఈ ఇంట్లోనే ఉంటాం". ఎడమవైపు "ఉండం".

ఈయన ఆఫీస్‌లో లేఆఫ్‌ల మాట, ఉద్యోగం పోతే ఈ దేశం వదలాల్సిన వీసా మాట దాని ముందు ఒక్కసారి కూడా ఎత్తలేదు. తలుపు వేసుకునే మాట్లాడుకున్నాం.

"పగుళ్ళు మర్చిపోయావే," అంటూ మార్కర్ తీసి "ఉంటాం" వైపు గీయబోయాను.

నా చెయ్యి పట్టుకుంది.

"మనం గీయకూడదమ్మా. దట్స్ చీటింగ్."