లిఖిత ముక్క

బావగారికి నమస్కరించి,

మీ తమ్ముడు రాయలేనంటే నేనే రాస్తున్నాను. విజయవాడ ల్యాబులో ఉంచిన లిఖిత కణితి ముక్క కూడా తెచ్చి అస్థికలతోపాటు హంసలదీవి సంగమంలో కలపాలన్నారు మీరు. లేకపోతే పిల్లకి ఉత్తమగతులుండవన్నారు. నేను తేనండి.

కణితిని పెంచే అణువులు రెండు పక్కపక్కన చేరాయో లేదో అక్కడ చూస్తారు. రెండింటికీ చెరో డీఎన్‌ఏ పోగు తగిలిస్తారట. అవి బాగా దగ్గరుంటేనే పోగులు కలిసి ఎర్రచుక్క వెలుగుతుంది. మన పిల్ల ముక్క నిండా చుక్కలే, కళ్లారా చూశాను. ఆ జంటని విడదీసే మందు కోసం వెతుకుతున్నారు. మన పిల్లకి అందలేదు, ఇంకో తల్లి బిడ్డకైనా అందనీండి.

ముక్క తేకపోతే కర్మకి రానంటే మానెయ్యండి. ల్యాబుకి మాత్రం ఎవరినీ పంపకండి, ఇవ్వొద్దని చెప్పొచ్చాను. ఆ ముక్కతో వాళ్ల పని అయ్యాక నేనే సంగమానికి తీసుకెళ్లి కలుపుతాను. ఆడది కలపకూడదంటారేమో, అప్పుడొచ్చి ఆపండి.

లిఖిత అమ్మ