వద్దన్నా వదిలిన నీళ్లు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. చదవవని తెలిసే రాస్తున్నా. మన టమాట చేను మళ్లీ వాడింది. ఆకులు పచ్చగానే ఉన్నాయి, మొక్కలు మాత్రం నిలబడ్డచోటే తలలు వాల్చేశాయి.

మొదటిసారి పై మడిలో నాలుగు మొక్కలు ఇట్లాగే వాడినప్పుడు నువ్వన్నావు: "తమ్మీ, ఇది నీళ్లు తక్కువై కాదురా. మట్టిలనే ఏదో ఉన్నది. నీళ్లు బంద్ చెయ్."

"పని తప్పించుకునేటందుకు చెప్తున్నవ్," అని నీ మొహం మీదే అన్నాను. పై మడి నిండా నీళ్లు పెట్టి, గట్టు తెంపి కింది మడికి వదిలాను. కొన్నాళ్లకే చేనంతా పడిపోయింది. నువ్వు మన ఊరు ముడిమ్యాల విడిచి, గచ్చిబౌలిలో కంపెనీవాళ్ల క్యాబ్ నడపడానికి వెళ్లావు. అక్కడే రోడ్డు ప్రమాదంలో పోయావు.

ఇవాళ చేవెళ్ల నుంచి వ్యవసాయాధికారి వచ్చి, చేను పోయినసారి కూడా ఇట్లాగే వాడిందని విని, గాజు గ్లాసు అడిగాడు. ఇంట్లో ఉన్నది నీ చాయ్ గ్లాసు ఒక్కటే. దాంట్లో నీళ్లు పోసి, వాడిన కాండం కోసి అందులో వేలాడదీశాడు. కాసేపటికి కోసిన చోటు నుంచి తెల్లగా ఏదో, పాలధారలా సన్నగా నీళ్లలోకి దిగింది.

"బ్యాక్టీరియా ఇది. మట్టిల నుంచి వేర్లల్లకు జొరబడి, నీళ్లు పైకెక్కే దారి మూసేస్తది. పారే నీళ్లతోని పక్క మడికి పోతది. పోయినసారి పై మడి నీళ్లు కిందికి ఎవరు వదిలిన్రు?"

"నేనే సార్. వద్దన్న మనిషి ఇప్పుడు లేడు."

ఆ గ్లాసు నీళ్లు చేనులో పోయొద్దని చెప్పి వెళ్లాడు. ఎక్కడ పోయాలో తోచక ఈ కాగితం పక్కనే పెట్టుకున్నా. నీ పటం ముందు చాయ్ పెట్టాలని అవ్వ పొద్దటి నుంచి ఆ గ్లాసే అడుగుతోంది.