అమ్మ మింగని సున్నపు బిళ్లలు

తేది 12-9-1961, మంగళవారం. పొద్దుటి నుంచి ముసురు. గొర్ల దొడ్డి కంచె సరిచేసి వచ్చాను.

చెల్లె జానమ్మకు అన్న గుర్వయ్య దీవెనలు. అమ్మ చేతికి పిండికట్టు వేశారు, ప్రాణానికి భయం లేదు. గొంగడి దులుపుతుంటేనే మణికట్టు విరిగింది. ఎముకలు గుల్లబారాయని దవాఖానలో మూడు నెలల కిందటే సున్నపు బిళ్లలు రాశారు. రోజూ అమ్మ చేతిలో బిళ్ల పెట్టి, పుస్తకంలో 'ఇచ్చితిని' అని రాసుకున్నాను. ఒక్క రోజూ తప్పలేదు. నిన్న డాక్టరు "మింగిందా?" అని అడిగితే పుస్తకం చూపించాను. పక్కనున్న అమ్మ నవ్వింది.

"ఆకు వక్కల రోజు సున్నం తింటనే ఉన్న, నాకెందుకు బిడ్డా? కాళ్లు వంగిన గొర్రెపిల్లకు నూరి పోసిన. గిప్పుడెట్ల ఉరుకుతాందో చూస్తలేవా?"

చూశాను. పచ్చిమేతకు కోలుకుందనుకున్నాను. ఆమె మింగే దాకా నిలబడితే ఎంతసేపు పట్టేది? తప్పు నాదే.

నేను మందతో పోక తప్పదు. పదిహేను రోజులు వచ్చి ఉండు, నీ మాట వింటుంది. నీ దగ్గు తగ్గిందా? బావకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. అమ్మ ఇప్పుడే బిళ్ల నోట్లో వేసుకుంది. మింగే దాకా చూడాలి, ఇక్కడికి ఆపుతున్నాను.