ముత్తయ్య రాజ్యం విడిచిన సంగతి

జనగామ, నవంబరు 4

చిన్నబాపుకు, అన్నబిడ్డ పల్లవి దండాలు.

మీ ఊర్ల సిగ్నల్ లేక ఫోన్ల నీ మాట సగమే ఇనొస్తుంది. అందుకే ఉత్తరం. "వెనక పొలాలకు వరికోత మిషిన్లు పోవాల్నని నా చేన్లకెళ్లి బాట ఇడువుమంటున్నరు. పంచాయతికి గా అధికారం యాడిది? లా చదువుతున్నవ్ గద, చెప్పు" అన్నవ్. నేను చేరి పదిరోజులే. అయింది ఒకటే పాఠం. ఎన్కట రాజు లేడు, పోలీసు లేడు. ఎవని బలం వానిది. దాన్ని ప్రకృతి స్థితి అంటరు. గట్ల బతుకలేక జనమంత ఒప్పందం చేసుకున్నరట: తలా కొంత స్వేచ్ఛ వదులుకుంటం, రాజ్యం మనల కాపాడాలె అని. దాని పేరు సామాజిక ఒప్పందం. అధికారం అక్కడిదే.

ఇట్లు,
నీ పల్లవి

తా.క.: చిన్నమ్మ పంపిన మురుకులు హాస్టల్ వార్డెన్ జప్తు చేసింది. ఏ చట్టం కిందనో ఇంకా చెప్పలే.

---

మహదేవపూర్ మండలం, నవంబరు 9

బిడ్డ పల్లవికి, చిన్నబాపు ముత్తయ్య దీవెనలు.

నీ ఉత్తరం పట్టుకొని పంచాయతి ఆఫీసుకు పోయిన. "గా ఒప్పందం తియ్యి, నా సంతకం యాడుందో చూస్త" అన్న సెక్రటరీ వనజ మేడంతోని. ఆమె బీరువ మొత్తం బయటేసింది. ఇంటిపన్ను రశీదులు, ఏవేవో కాయితాలు, ఎండిపోయిన బల్లి ఎల్లినయి గని ఒప్పందం లేదు. "మా నాయిన వేలిముద్రన్న ఉన్నదా?" అన్న. అదీ లేదు.

సంతకం వెట్టని కాయితానికి నేనెందుకు కట్టుబడాలె? బాటకు ముండ్లకంప కొట్టిన. "నేటి సంది ఈ నాలుగెకరాలు ప్రకృతి స్థితిల ఉన్నయి" అని అట్ట మీద రాసి యాలాడగట్టిన. పక్కచేను వీరస్వామి ట్రాక్టరు పోయినేడు నా మిర్పనారు మొత్తం తొక్కింది. ఒక్కనాడన్న "తప్పైంది ముత్తన్నా" అన్నడా? ఇగ చుట్టు తిరిగి పొమ్మను.

ఇట్లు,
రాజ్యం లేని ముత్తయ్య

తా.క.: ప్రకృతి స్థితిల కరెంటు ఉంటదా? మోటరు నడవాలె.

---

జనగామ, నవంబరు 13

చిన్నబాపూ, దండాలు తర్వాత, ముందుగాల ఆగు!

అది కాయితం కాదు. దాని మీద ఎవ్వలూ సంతకం పెట్టలే. రాజ్యం ఎందుకు కావాల్నో తెలిసేటందుకు పండితులు ఊహించిన ముచ్చట. ప్రకృతి స్థితి అంటే నీ చేను నీదని చెప్పే దిక్కే ఉండది. ఎవలు గుంజుకుంటే వాళ్లది. గా అట్ట ఇప్పు. ఈ ఉత్తరం ఎవ్వలికీ సూపకు.

ఇట్లు,
పరేషాన్ల ఉన్న పల్లవి

తా.క.: నీ సంగతి మా సారుకు చెప్పిన. ఆయన రెండుసార్లు మంచినీళ్లు తాగి, నిన్ను క్లాసుకు తీస్కరమ్మన్నడు.

---

మహదేవపూర్ మండలం, నవంబరు 18

బిడ్డా, దీవెనలు.

నేను ఇంట్ల లేనని పోస్టాయన నీ ఉత్తరం వీరస్వామి చేతికిచ్చిండు. వాడు చదివి తెచ్చిండు. ఒక్కడే రాలే, రెండు బర్లను తోలుకొచ్చి నా చేన్ల కట్టేసిండు. "ఇప్పుర" అంటే "నీ చేనని ఎవలన్నరు? నీ అన్నబిడ్డే రాసింది" అని నీ అచ్చరాల మీద ఏలువెట్టి సూపిండు. నేను పోయి వాని కోడిపుంజును పట్టుకొచ్చిన. వాడు నా మోటరు స్టార్టర్ ఇప్పుకపోయిండు. నేను వాని మంచం మోసుకొచ్చిన. పొద్దుగూకేవరకు వాని చెప్పులు నా కాళ్లకు, నా తువ్వాల వాని మెడల. ఊరంత చేని ఒడ్డు మీద కూసొని చూసింది.

ఆఖరికి అలిసి ఇద్దరం గా మంచం మీదనే కూలవడ్డం. "గిట్ల గాదన్నా, ఒప్పందం చేసుకుందాం" అన్నడు వాడు. ఒకని సొమ్ము ఒకడు ముట్టొద్దని చేసుకున్నం. మరి తప్పినోన్ని దండించేదెవలు? ఇద్దరం భయపడే మనిషి కావాలె. ఊర్ల అసొంటిది ఒక్కతే. మీ చిన్నమ్మ పోచమ్మను రాజ్యం చేసినం.

ఇట్లు,
నీ చిన్నబాపు

తా.క.: రాజ్యం గా కోడిని కోసి కూర వండింది. ఇద్దరికీ సమానంగనే పెట్టింది. మెడముక్కలు.

---

జనగామ, నవంబరు 22

చిన్నబాపూ, దండాలు.

అధికారమంత ఒక్కల చేతుల పెడుతరా? చట్టం చేసేటోళ్లు, దాన్ని నడిపేటోళ్లు, తీర్పు చెప్పేటోళ్లు వేరువేరు ఉండాలె. ఇది రెండో పాఠం. జల్ది చిన్నమ్మకు చెప్పు.

ఇట్లు,
పల్లవి

తా.క.: నేను చెప్పిన్నని మాత్రం చెప్పకు.

---

మహదేవపూర్ మండలం, నవంబరు 27

బిడ్డా, దీవెనలు.

"పల్లవి చెప్పింది" అనే మొదలువెట్టిన. మీ చిన్నమ్మ బియ్యం చెరుగుడు ఆపలే. "మూడు పనులు వేరువేరుగనే చేస్త. మూడు పూటలున్నయి గద" అన్నది.

పొద్దుగాల చట్టం చేసింది, బాట ఇడువాలెనని. పగటాల పోయి ముండ్లకంప పీకింది. పొద్దుమీకి తీర్పు: వచ్చే వానకాలం వీరస్వామి నాకు మిర్పనారు పోసియ్యాలె, నలుగురి ముందట తప్పైందనాలె. వాడు అన్నడు బిడ్డా. తలకాయ వంచి "తప్పైంది ముత్తన్నా" అన్నడు. అయినా ఓడిపోయుడు సయించక, "నేను రాజ్యంల లేను. నా చేనుకు ఈ తీర్పు చెల్లది" అన్న.

ఆమె లోపలికి పోయి పాసుబుక్కు తెచ్చి నా ఒళ్లేసింది. నాలుగెకరాలు పోచమ్మ పేరు మీదున్నయి. వాళ్ల నాయిన పోయేముందు ఆమెకు రాసిచ్చిండు. ముప్పై ఏండ్లు దున్ని దున్ని నాదేననుకున్న. "చేను రాజ్యంలనే ఉన్నది. బయటికి పోయింది నువ్వొక్కనివే" అన్నది.

ఉరికి వనజ మేడం దగ్గరికి పోయిన. బాటకు మీ చిన్నమ్మ పోయిన నెలనే సంతకం వెట్టిందట! "మరి గా దినం బీరువ అంత తీసినవ్, నాకెందుకు చెప్పలే?" అన్న. "నువ్వు అడిగింది సామాజిక ఒప్పందం. బాట ఒప్పందం అడగలే గదా" అన్నది.

నిన్న మొదటి మిషిన్ పోయింది. అడ్డమచ్చిన తుమ్మకొమ్మ నేనే కొట్టిన.

ఇట్లు,
రాజ్యంల మళ్ల చేరిన ముత్తయ్య

తా.క.: నీ లా పుస్తకాలు పంపుమంటున్నది మీ చిన్నమ్మ. పంపకు బిడ్డా, నీకు దండం వెడుత.